మాలు మంచిదే, లారీ టైమే నమ్మలేం: మా ఫుటింగులకు రెడీమిక్స్ తెప్పించిన కథ

ప్లాంటులో కాంక్రీటు (మాలు) కలిపి లారీలో పంపే రెడీమిక్స్ కంపెనీకి నేనిచ్చేది అయిదుకు మూడు స్టార్లు. ఆ మూడో స్టారు ఎందుకో చివర్లో తెలుస్తుంది.

జగిత్యాల శివారులో ఇల్లు కట్టుకుంటున్నాం. మా ఆయన దోహాలో సెంట్రింగ్ పని చేస్తారు, ఇక్కడ సైటు దగ్గర నిలబడేది నేనే. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు. అందుకే మొరం తగిలేదాకా, అయిదున్నర అడుగులు తవ్వించాం. తొమ్మిది గుంతలు, ఒక్కో ఫుటింగు (పిల్లరు కింద పోసే కాంక్రీటు దిమ్మ) అయిదడుగులకు అయిదు, మందం పదిహేను అంగుళాలు. లెక్క వేస్తే 8 క్యూబిక్ మీటర్లు. వృథాకు అర కలిపి ఎనిమిదిన్నర చెప్పాను, ఎం20 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు).

కింద పీసీసీ బెడ్ (సలాకలు లేని కాంక్రీటు పొర) ముందే ఆరింది. మేస్త్రీ సలాకల జాలీ కింద కంకరరాళ్లు పెట్టబోతే మా ఆయన వీడియో కాల్‌లోనే గట్టిగా అరిచారు. జాలీని బెడ్ నుంచి ఎత్తి పట్టే 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు వచ్చేదాకా పని ఆగింది.

మొదటి లారీ 6 మీటర్లతో పదకొండుకే వచ్చింది. మాలు చూడగానే ముచ్చటేసింది, కంకర ఎక్కడా విడిపోలేదు. ఆ లారీ మాలుతో బలం పరీక్షకు పోసిన క్యూబులు (చిన్న దిమ్మలు) 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25, 26, 27 న్యూటన్లు చూపించాయి. ఎం20కి కావాల్సింది 20. మాలు మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆరు గుంతలు నిండాయి, ఏడోది ముప్పావు వంతు. రెండో లారీ పన్నెండున్నరకు అన్నారు. ఒంటిగంటయింది, లేదు. ఫోను చేస్తే "దారిలోనే ఉందమ్మా" అంటారు. సగంలో ఆగిన ఫుటింగు గట్టిపడ్డాక పైన కొత్త మాలు పోస్తే అతుకు పడుతుంది కదా, ఆ టెన్షన్ చెప్పలేను. చివరికి మేస్త్రీ, ఇద్దరు కూలీలు, నేను కలిసి రెండు బస్తాల సిమెంటు చేత్తో కలిపి ఏడోదాన్ని పూర్తి చేశాం. చేతులకు ఆ మంట రెండు రోజులుంది.

లారీ 3.50కి వచ్చింది. స్లిప్పు అడిగితే డ్రైవర్ నసిగాడు. లాక్కుని చూశాను, లోడింగ్ 1.40. రెడీమిక్స్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం లోడింగయిన రెండు గంటల్లో దింపేయాలి. ఆలస్యంగా గట్టిపడే మందు కలిపితే ఇంకాసేపు ఆగొచ్చట గానీ, స్లిప్పులో ఆ మందు ఊసే లేదు. మాలు ముద్దలా జారింది. "కొంచెం నీళ్లు కొడితే సరిపోతుందక్కా" అంటూ డ్రైవర్ పైపు తీశాడు. ఆ నీళ్లు ఆరాక లోపల మిగిలేది బొక్కలే, బలం పోతుంది. పైపు కట్టేయమన్నాను. కేకలయ్యాయి, చుట్టుపక్కలవాళ్లు పోగయ్యారు. లారీ వెనక్కి పంపేశాను.

రాత్రి రెడీమిక్స్ యజమానే ఫోను చేశాడు. వాదించలేదు. పొద్దున్నే ఇంకో లోడు పంపిస్తానన్నాడు, తిప్పి పంపినదానికి రూపాయి అడగలేదు. మూడో స్టారు అందుకే.

మర్నాడు ఏడున్నరకు లారీ వచ్చింది. డ్రైవర్ దిగుతూనే స్లిప్పు నా చేతిలో పెట్టాడు, లోడింగ్ 6.45. పైపు జోలికి పోలేదు.