సినిమా బండి కాదు నా, మా ఇల్లే: మైపాడు నుంచి కంభం దాకా ఆరు రాత్రులు

"యాడ నా షూటింగు?"

నెల్లూరు దగ్గర మైపాడు తీరంలో బండి ఆపి ఇంకా హ్యాండ్‌బ్రేక్ వేయలేదు, కిటికీ కింద నలుగురు పిల్లలు చేరారు. మన వైపు క్యారవాన్ అంటే హీరోలు మేకప్ వేసుకునే బండే కదా. తలుపు తీస్తే మా ఆవిడ పులుసుకి చింతపండు పిసుకుతూ కనిపించింది. పాపం, పిల్లల మొహాలు చూడాలి.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రావెలర్ మినీబస్సు. సీట్లు పీకించి మంచం, రెండు బర్నర్ల పొయ్యి, చిన్న ఫ్రిజ్, క్యాసెట్ టాయిలెట్ (ట్యాంకు బయటికి లాగి ఖాళీ చేసుకునేది) పెట్టించుకున్నాం. ఇది మూడో ఏడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వానలు, తుఫాన్లు; మే నెలలో ఒంగోలు దాటితే రేకు బండిలో మనిషి ఉడికిపోతాడు. అందుకే సంక్రాంతి అరిసెలు డబ్బాలో పోసుకుని, పండగ వెళ్ళిన వారానికి బయల్దేరాం. ఇలాంటి బండి కొనాలని చూస్తున్న వాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు, ఎక్కడెక్కడ ఆపుకోవచ్చు అని. వాళ్ళ కోసమే ఇదంతా.

ముందే చెప్పేస్తా. ఇలాంటి బండ్ల కోసమని ప్లగ్గు, కుళాయి, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు అన్నీ కలిపి కట్టిన స్థలం మాకు ఈ దారిలో ఒక్కటీ తగల్లేదు. కాబట్టి మనం వెతకాల్సింది ముందు సముద్రాన్ని కాదు, గేటు తీసే మనిషిని. నేను ఏ చోటుకైనా మూడే మార్కులు వేస్తాను: నేల గట్టిగా, సమంగా ఉందా, 15 ఆంపియర్ల ప్లగ్గు ఇస్తారా, సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డి వాడుకోనిస్తారా. వ్యూ సంగతి ఆ తర్వాత.

ఈ లెక్కన మైపాడుకి మంచి మార్కులే. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే, రోడ్డు బాగుంది. మేం ఇసుక జోలికి పోకుండా తారు పక్కన గట్టి నేల మీద ఆపాం. జనవరి గాలికి ఏసీ పనే లేదు, 12 వోల్టుల ఫ్యాను చాలింది. దోమల మెష్ మాత్రం లేకపోతే ఆ రాత్రి మీది కాదు. శని, ఆదివారాలు వద్దు, ఊరంతా అక్కడే ఉంటుంది. వంట సంగతి ఒక్క మాట. మేం వాడేది 5 కిలోల చిన్న సిలిండర్. గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. సిలిండర్ అరకి అడుగున కన్నం ఉండాలి, పైన కిటికీ ఉందిలే అనుకుంటే సరిపోదు. బండి కట్టించేటప్పుడు మేస్త్రీ పైన గ్రిల్ పెట్టి చేతులు దులుపుకున్నాడు. నేను పట్టుబట్టి అడుగున కొట్టించాను.

ఎత్తు గురించి రాయాలి. మా బండి పైన సోలార్ ప్లేట్లతో కలిపి తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలు. స్టీరింగ్ ముందు స్టిక్కర్ మీద రాసి అంటించాను, ఎందుకంటే అవసరమైన క్షణంలో ఆ అంకె గుర్తుకు రాదు. నెల్లూరు ఊళ్ళో రైలు లైను దాటాలంటే ఎక్కువగా అండర్‌బ్రిడ్జిలే, వానొస్తే వాటిలో నీళ్ళు. మేం చుట్టు తిరిగైనా పైవంతెన మీంచే పోతాం. హైవే ఎక్కితే గొడవ లేదు కానీ, కావలి దాటాక సముద్రం వైపు తిరగాలంటే మళ్ళీ అదే రైలు లైను అడ్డం. ఒక పల్లె దగ్గర అండర్‌పాస్ ముందు ఇనప కమ్మీ, దాని మీద ఎత్తు రాసిన పెయింటు వెలిసిపోయి ఉంది. మా ఆవిడ కిందికి దిగి, ఇంట్లో బూజు దులిపే కర్రకి మా ఎత్తు దగ్గర ఎర్ర టేపు చుట్టి పెట్టుకున్నది తీసుకుని కమ్మీ కింద నిలబెట్టింది. టేపుకి, కమ్మీకి మధ్య నాలుగు వేళ్ళు. గేదెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "రా నా, రా, ఇంకా రా" అని ధైర్యం చెప్తూనే ఉన్నాడు. నేను రివర్స్ చేశాను. నాలుగు వేళ్ళ సందులో రెండు సోలార్ ప్లేట్లు పందెం కాసేంత గుండె నాకు లేదు. ఆ కర్ర ఖరీదు నూట ఇరవై రూపాయలు. బండిలో ఇంతకంటే పనికొచ్చే వస్తువు లేదు.

ఇంత జాగ్రత్త చెప్పే నేనే ఒంగోలు దగ్గర కొత్తపట్నం తీరంలో ఇసుకలో దిగబడ్డాను. తప్పు నాదే. పొద్దున పడవలొచ్చే వేళకి దగ్గరగా ఉండాలని రోడ్డు వదిలి పది గజాలు లోపలికి పోయాను. వెనక చక్రం కూరుకుపోతుంటే భయమేసి యాక్సిలరేటర్ ఇంకా తొక్కాను, ఇరుసు దాకా దిగింది. దిగబడ్డప్పుడు తొక్కకూడదు. టైర్లలో గాలి బాగా తగ్గించి, చక్రాల ముందు ఇసుక తీసి, చెక్కలు వేసి, ఫస్ట్ గేర్‌లో మెల్లగా లాగాలి. ఇవన్నీ నాకు తెలుసు, అప్పుడు గుర్తు రాలేదు. చివరికి ఊళ్ళోంచి ట్రాక్టర్ వచ్చింది. అక్కడా ఇంకో ఇబ్బంది: తాడు కట్టే హుక్కు ఎక్కడుందో నాకే తెలియదు. బంపర్ కింద మూత తీసి బిగించుకోవాలట, ఆ బోల్టు టూల్ కిట్‌లో ఉంది, టూల్ కిట్ మంచం కింద ఉంది, మంచం మీద మొత్తం సామాను. ట్రాక్టర్ అబ్బాయి ఐదు వందలు తీసుకున్నాడు, పైగా రెండు వంజరం ముక్కలు కొనిపించాడు. మీ బండి హుక్కు ఎక్కడుందో ఇవాళే చూసుకోండి.

సముద్రం పక్కన రెండు రాత్రులున్నాక బండి అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించడం తప్పనిసరి. ఒంగోలులో వాటర్ సర్వీసింగ్ వాళ్ళకి "పైన వద్దు, కింద కొట్టండి" అంటే వింతగా చూశారు. ఉప్పు గాలి తినేది పెయింటుని కాదు, కింద బోల్టుల్ని, బ్రేక్ పైపుల్ని.

ఒంగోలు దగ్గర్లోనే ఒక లాడ్జిలో పడ్డ అవస్థ కూడా చెప్పాలి. పేరెందుకులెండి. గది వద్దు, ఆవరణలో పార్కింగు, ప్లగ్గు, టాయిలెట్ చాలన్నాం. గది అద్దె మొత్తం తీసుకున్నారు, సరే అనుకున్నాం. కరెంటు ఇచ్చింది వాచ్‌మన్ గదిలోంచి, సన్నటి వైరుతో. ఏసీ వేసిన ముప్పావు గంటకి లోపల ఏదో వాసన. దోశ మాడిందేమో అని మా ఆవిడ పొయ్యి చూసుకుంది. మాడింది దోశ కాదు, ప్లగ్గు. పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ బెల్లం రంగుకి తిరిగి మెత్తబడింది, ముట్టుకుంటే వేలికి తీగలాగా సాగింది. లోపల సాకెట్ వదులు. అప్పటినుంచి నా సొంత కేబుల్ నాదే: 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల వైరు, పదిహేను మీటర్లు. చుట్ట మొత్తం విప్పి పరచాలి, చుట్టగానే వదిలేసి లోడ్ పెడితే వైరు వేడెక్కుతుంది. ఎర్త్ ఉందో లేదో చూపించే చిన్న టెస్టర్ ప్లగ్గు కూడా కొన్నాను. ఎర్త్ లేకపోతే ఆ రాత్రి ఏసీ లేదు. అంతే, వాదనల్లేవు.

ప్లగ్గు లేకపోతే ఏం నడుస్తుందో లెక్క తెలిసుంటే టెన్షన్ ఉండదు. మా లిథియం బ్యాటరీ 200 ఆంపియర్ అవర్లు, 12 వోల్టులు, అంటే సుమారు రెండున్నర యూనిట్లు. ఫ్రిజ్‌కి రోజుకి అర యూనిట్, ఫ్యాను, లైట్లు, ఫోన్లకి ఇంకో అర. ఒక టన్ను ఏసీ ఆగకుండా నడిస్తే గంటకి దాదాపు ఒక యూనిట్ లాగేస్తుంది. బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ అని ఎవరైనా చెప్తే, ఆ మాట మే నెలలో పొదిలిలో చూపించమనండి. పైన రెండు ప్లేట్లు జనవరి ఎండకి రెండున్నర యూనిట్లు ఇచ్చాయి, అదీ నీడలో ఆపకపోతేనే. నీడ కావాలా, కరెంటు కావాలా అన్నది ఈ బండిలో రోజూ ఉండే సంసార సమస్య. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ చవకే కానీ సగం కంటే కిందికి వాడితే తొందరగా చస్తుంది. బరువు కూడా ఎక్కువ.

పడమటికి తిరిగాక సమస్య నీళ్ళది. పొదిలి, కనిగిరి ప్రాంతం ఫ్లోరైడ్‌కి పేరు పడ్డదే. ఆ నీళ్ళు మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మా ట్యాంకు 120 లీటర్లు. అది స్నానానికి, గిన్నెలకి మాత్రమే. తాగడానికి, వంటకి ఊళ్ళో ఆర్వో ప్లాంటు దగ్గర 20 లీటర్ల క్యాను పట్టించుకున్నాం. చెంబు, బకెట్ పద్ధతిలో ట్యాంకు ఇద్దరికి రెండున్నర రోజులొచ్చింది. షవర్ పెట్టించుకున్నాం గానీ అందులో ఇప్పుడు ఉల్లిపాయల సంచి వేలాడుతోంది.

ఈ యాత్ర మొత్తంలో నాకు నచ్చిన రాత్రి కంభంలో. రెండు కొండల సందుకి అడ్డంగా కట్ట వేసి గుండ్లకమ్మని ఆపిన చెరువు, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్ట మీద సాయంత్రం నిలబడితే అవతలి గట్టు ఆనవాలు దొరకదు. రాత్రికి చోటు వెతుకుతుంటే ఒక రైతు, "మా కళ్ళంలో పెట్టుకోండి సార్" అన్నాడు. కళ్ళం కంటే మంచి పార్కింగు ఉంటుందా! నూర్చి నూర్చి రోడ్డులా గట్టిపడ్డ నేల. పొయ్యి గట్టు మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టి చూశాం, ఒక పక్కకి చుక్క ఒలికింది. ఎడమ ముందు చక్రం కింద ఒక చెక్క వేస్తే సరిపోయింది. ఆయన మోటారు షెడ్డులోంచి కరెంటు లాగిస్తానన్నాడు, నేనే వద్దన్నాను. అది పొలానికిచ్చే కరెంటు, మన వాడకానికి కాదు. పట్టుబడితే ఇబ్బంది ఆయనకే. డబ్బులు ముట్టలేదు. నెల్లూరు మలై కాజా పొట్లం ఇస్తే మాత్రం పిల్లలు ఊడ్చేశారు. ఇలా ఇచ్చి పుచ్చుకోడానికి నాలుగు పొట్లాలు ఎప్పుడూ బండిలో ఉంచుతాం.

అక్కడినుంచి భైరవకోన. ఒకే కొండ చరియలో ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. పగలు తప్పక చూడాల్సిన చోటు, బండికి మాత్రం తక్కువ మార్కులు. కోతులున్నాయి. పైకప్పు ఫ్యాను మూత రెండంగుళాలు తెరిచి వెళ్ళాం, తిరిగొచ్చేసరికి మెష్ చింపి అరిసెల డబ్బా దాకా వచ్చేశాయి. రాత్రికి ఉండకుండా కిందికి వచ్చి హైవే పక్కన పెట్రోల్ బంకులో పడుకున్నాం. బంకంటే చాలామంది మొహం చిట్లిస్తారు. నా మార్కుల్లో బంకుదే ఫస్టు. గట్టి నేల, రాత్రంతా లైటు, మనుషులు, టాయిలెట్. రెండు వేలకి డీజిల్ పోయించుకుని, మేనేజరుని మర్యాదగా అడిగితే మాకు కాదన్నవాళ్ళు అరుదు. లారీల పక్కన కాకుండా గోడవారగా పెట్టుకోండి, తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ళు ఇంజన్లు స్టార్ట్ చేస్తారు.

క్యాసెట్ టాయిలెట్ గురించి ఎవరూ అడగరు, అందరికీ కావాల్సింది అదే. మాది 18 లీటర్లు, ఇద్దరికి రెండు మూడు రోజులు. ట్రాలీ సూట్‌కేసులా లాక్కెళ్ళి మరుగుదొడ్డిలో మెల్లగా ఒంపి, రెండు బకెట్ల నీళ్ళు కొట్టి, కడిగి రావాలి. కడిగే వాళ్ళ చేతిలో యాభయ్యో వందో పెట్టండి. కాలవలో, తుప్పల్లో పారబోసిన బండి ఒక్కటి చాలు, ఆ ఊళ్ళో తర్వాత వచ్చే బండికి గేటు తీయరు.

కాగితాల విషయం. సీట్లు పీకడం, బాడీ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, ఆర్టీఓ అనుమతితో ఆర్సీలో మార్పు ఎక్కించుకోవాలి. సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాన్‌ని 2004 కేంద్ర నోటిఫికేషన్‌లో నాన్ ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో పెట్టారు, కాబట్టి తెల్ల నంబర్ ప్లేటే. 7,500 కిలోలు మించని బండికి మామూలు ఎల్‌ఎమ్‌వీ (కారు నడిపే) లైసెన్సు చాలు. ఇన్సూరెన్సులో కూడా మార్పు రాయించండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర బండి ఒకటి, కాగితం ఒకటి అంటారు. ఫాస్టాగ్ మాకు మొదట కారు క్లాసులో వచ్చింది. ఒక టోల్‌ప్లాజాలో మినీబస్ అని ఆపి, వెనక హారన్ల మధ్య నలభై నిమిషాలు నిలబెట్టారు. ట్యాగ్ తీసుకునేటప్పుడే ఆర్సీ చూపించి సరైన క్లాసు అడగండి.

తిరుగు దారిలో సోమశిల మీదుగా వచ్చాం. 78 టీఎంసీల డ్యామ్, నిండుగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది, కానీ మాకు బట్టలు ఉతుక్కోవాలన్న తొందర ఎక్కువైంది.

మొత్తం 560 కిలోమీటర్లు తిరిగాం. లీటరుకి తొమ్మిది వచ్చింది, డీజిల్‌కి ఆరు వేల పైన. లాడ్జీల డబ్బులు మిగుల్తాయని మాత్రం ఈ బండి కొనకండి. ఇన్సూరెన్సు, టైర్లు, బ్యాటరీ కలిపితే ఏడాదికి నలభై రోజులన్నా తిరగని వాడికి అద్దె బండే నయం. టైర్లు అరగకపోయినా ఐదారేళ్ళకి గట్టిపడి పగుళ్ళిస్తాయి, కొన్న తేదీ కాదు, పక్కన అచ్చు వేసిన తయారీ వారం చూడండి.

ఇప్పుడు బండి మా వేపచెట్టు కింద ఉంది. చుట్టూ వరి పొలాలు కావడంతో కోతలప్పుడు ఎలకలు ఇంజన్‌లోకి దూరతాయి. పోయిన ఏడు హెడ్‌లైట్ వైరు కొరికేశాయి. ఈసారి వైర్లు వచ్చే కన్నాలన్నింటికీ స్టీలు పీచు కుక్కాను. మా ఆవిడ గిన్నెలు తోముదామని వెతికితే వంటింట్లో ఒక్క పీచు లేదు. బూజు కర్ర కూడా బండిలోనే ఉందట. తెచ్చి ఇచ్చేదాకా మాట్లాడనంది.