పాత ఎస్-క్లాస్‌కి ఎయిర్ సస్పెన్షనా, కాయిల్ స్ప్రింగులా?

1998లో వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ220 ఎస్-క్లాస్ లాంటి కార్లు పాతబడ్డాక, రాత్రి నిలిపితే తెల్లారేసరికి ఒక మూల కుంగిపోతుంటాయి. కారు బరువు మోసే ఎయిర్ స్ప్రింగు, అంటే గాలి నింపిన రబ్బరు తిత్తి, పగిలి గాలి కారడమే చాలాసార్లు కారణం. సబ్బునీళ్లు చల్లితే బుడగలు చోటు చూపిస్తాయి. అలాగే వదిలేస్తే గాలి నింపే కంప్రెసర్ అదేపనిగా తిరిగి తిరిగి కాలిపోతుంది.

మామూలు ఉక్కు చుట్టల కాయిల్ స్ప్రింగులకి మారితే ఈ బెడద ఉండదు. కానీ ఎత్తు తనంతట సర్దుకోవడం పోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉండొచ్చు.

నేనైతే ఎయిర్ స్ప్రింగే మారుస్తాను. ఆ కారు కొన్నదే ఆ మెత్తని నడక కోసం కదా! కొత్తది బిగించాక, గాలి నింపకుండా కారు బరువు దానిమీద దించకండి, రబ్బరు మడతపడి పాడవుతుంది. ఏది ఎంచుకున్నా, జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.