వడగాలిలో ఇంజిన్‌కి చల్లగాలి: ఓపెన్ ఫిల్టరా, బంపర్ పైపా, కంపెనీ డబ్బానా?

నెల్లూరు, ఒంగోలు వైపు స్పోర్ట్స్ కారు కొన్న కుర్రాళ్లు ముందుగా అడిగేది ఇదే: "అన్నా, ఇన్‌టేక్ మార్పిస్తే పికప్ పెరుగుద్దా?" ఇన్‌టేక్ అంటే ఇంజిన్ గాలి పీల్చే దారి. లోపలికి పోయే గాలి చల్లబడితే పెరుగుతుంది. మార్చాక గాలి ఇంకా వేడెక్కితే ఉన్న పికప్ కూడా తగ్గుతుంది. మన ఎండల్లో ఎక్కువమందికి జరిగేది రెండోదే. ఓపెన్ ఫిల్టర్, బంపర్ పైపు, కంపెనీ డబ్బా (కారుతోపాటే వచ్చే ఫిల్టర్ పెట్టె), ఈ మూడింటిలో నా పక్షం కంపెనీ డబ్బాదే. ఎందుకో చెబుతాను.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. 10 డిగ్రీలకు సుమారు 3 శాతం అని గుర్తుంచుకుంటే చాలు. రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలుంటే, ట్రాఫిక్‌లో బానెట్ కింద 70 దాకా ఉందనుకోండి. బయటిగాలికి బదులు ఆ గాలే పీలిస్తే ప్రతి గుక్కలో ఆక్సిజన్ దాదాపు 8 శాతం తగ్గుతుంది. టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజిన్‌కి ఇంచుమించు అంత శక్తీ పోయినట్టే. నష్టం అక్కడితో ఆగదు. గాలి బాగా వేడిగా ఉందని సెన్సర్ చెప్పగానే, నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం వేళ తప్పి పేలడం) రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నం బండి బరువెక్కినట్టు అనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

ముందు ఓపెన్ కోన్ ఫిల్టర్ సంగతి. కంపెనీ డబ్బా పీకేసి, పొట్టి పైపు చివర శంఖం ఆకారంలో ఫిల్టర్ బిగిస్తారు. చప్పుడు బాగుంటుంది, నాకూ ఇష్టమే. గాలి దారిలో అడ్డు తగ్గుతుందన్నదీ నిజమే. కానీ ఫిల్టర్ కూర్చునేది ఇంజిన్ పక్కనే, రేడియేటర్ దాటి వచ్చే వేడిలో. డైనో (బండి శక్తిని కొలిచే యంత్రం) మీద పరీక్షించేటప్పుడు బానెట్ ఎత్తి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెడతారు. అక్కడ కాగితం మీద కనిపించే హార్స్‌పవర్, బానెట్ మూసి నెల్లూరు ట్రంక్ రోడ్డులో వీఆర్సీ సెంటర్ సిగ్నల్ దగ్గర నిలబడితే ఉండదు. హైవే మీద వేగం అందుకున్నాక వేడి కొంత తగ్గుతుంది గానీ, తెరిచి ఉన్న ఫిల్టర్ బానెట్ కింద గాలినే పీలుస్తుంది.

దుమ్ము ఇంకో గొడవ. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక ఒక్కసారి కారు నడిపితే ఆ రాతిపొడి ఎలా ఉంటుందో తెలుస్తుంది. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ అయితే కడిగి, ఆరబెట్టి, మళ్లీ సరిగ్గా అంతే నూనె పట్టించాలి. ఎక్కువైతే ఆ నూనె పోయి గాలిని కొలిచే సెన్సర్ తీగ మీద చేరుతుంది, కొలత తప్పుతుంది. ఈ దుమ్ములో మంచి కాగితపు ఫిల్టర్‌ని త్వరత్వరగా మార్చుకోవడమే నయం.

రెండోది బంపర్ పైపు. పొడుగాటి పైపుని చక్రం ముందు నుంచి కిందికి దించి, ఫిల్టర్‌ని బంపర్ వెనక దాస్తారు. బండి పరుగులో ఉంటే మూడింటిలో చల్లటిగాలి దీనికే అందొచ్చు. ఆగితే అంత చల్లగా ఏమీ ఉండదు. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న గాలీ కాలుతూనే ఉంటుంది.

నేను దీన్ని వద్దనేది మాత్రం వానల వల్ల. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుపానులతో వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగింది. అంత వరద అక్కర్లేదు, గట్టి వాన పడితే నెల్లూరు మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. ఫిల్టర్ నీళ్లలో మునిగితే ఇంజిన్ గాలితోపాటు నీళ్లూ లాగేస్తుంది. నీళ్లు గాలిలా నొక్కుకోవు. పిస్టన్ పైకొచ్చి వాటిని ఢీకొంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇక ఇంజిన్ దించాల్సిందే. ఫిల్టర్ మునిగితే పైనుంచి గాలి అందించే బైపాస్ వాల్వ్ అమ్ముతారు గానీ, ఫిల్టర్ మునగకుండా ఉండటానికి మించిన రక్షణ లేదు. ఎండాకాలం బిగించుకుని సెప్టెంబరులో తీసేసే ఓపిక ఉన్నవాళ్లకైతే సరే.

ఇక కంపెనీ డబ్బా. చాలా కార్లలో దాని మూతి గ్రిల్ వెనకో, ఫెండర్ లోపలో ఉంటుంది. అంటే బయటిగాలి పీల్చే ఏర్పాటు ముందే ఉంది. పోర్షే బాక్స్‌టర్ లాంటి, సీట్ల వెనక ఇంజిన్ ఉన్న కార్లకు పక్కన ఉండే గ్రిల్ నుంచి గాలి వెళ్తుంది. చేయాల్సింది ఆ దారిని బాగుచేయడం. మూతి దగ్గర ఆకులూ పురుగులూ తీయండి. మూత క్లిప్పులు విరిగి ఉంటే మార్చండి, రబ్బరు సీలు ఎండిపోయి ఉంటే కొత్తది వేయండి. మూతికీ గ్రిల్‌కీ మధ్య సందుంటే ఫోమ్ పట్టీతో మూసేయండి, రేడియేటర్ వేడి వెనక్కి తిరిగి రాదు. ఇంజిన్ వైపున్న డబ్బా గోడకి వేడిని ఆపే రేకు ఫోమ్ అతికించండి. పెద్ద ఖర్చేమీ కాదు, వానకీ భయం లేదు.

పైపు చుట్టూ వేడిని ఆపే బంగారు రంగు టేపు చుట్టించాలా అని కూడా అడుగుతారు. 2 లీటర్ల ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 లీటర్ల దాకా గాలి లాగుతుంది. 70 మిల్లీమీటర్ల పైపు అర మీటరు పొడుగుంటే ఆ గాలి అందులో ఉండేది సెకనులో 50వ వంతు. అంతలో ఎంత వేడెక్కుతుంది? గాలి ఎక్కడినుంచి వస్తుందన్నదే ముఖ్యం. ముందు పెట్టే స్కూప్ (గాలిని పట్టే మూతి) గాలిని తోసి లోపలికి నింపుతుందన్న మాటా అంతే. 100 కిలోమీటర్ల వేగంలో ఆ తోపు వాతావరణ పీడనంలో అర శాతం కూడా రాదు. చల్లటిగాలి తెస్తే స్కూప్ మంచిదే, అంతవరకే.

ఎవరి మాటా నమ్మక్కర్లేదు, నాదీ అక్కర్లేదు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ కొలతలు చదివే చిన్న పరికరం) తగిలించి, ఫోన్‌లో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూడండి. ఊళ్లో ఆగి ఆగి నడిపేటప్పుడు ఒకసారి, కావలి నుంచి టంగుటూరు టోల్ దాకా 80 మీద స్థిరంగా పోతూ ఇంకోసారి. రెండింటికీ బయటి ఉష్ణోగ్రత రాసుకోండి. టర్బో లేని కారులో, హైవే మీద ఇన్‌టేక్ గాలికీ బయటిగాలికీ తేడా 10 డిగ్రీల లోపుంటే కంపెనీ డబ్బా తన పని చేస్తున్నట్టే, దాని జోలికి పోకండి. 20 దాటితే సందులు వెతకండి.

టర్బో కార్లకు ఈ లెక్క సరిపోదు. టర్బో గాలిని నొక్కేటప్పుడే అది 100 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిని దించేది ఇంటర్‌కూలర్ అనే రేడియేటర్ లాంటి భాగం. చాలా వాటిలో సెన్సర్ కూడా దాని తర్వాతే ఉంటుంది. కాబట్టి పోలో టీఎస్‌ఐ, ఆక్టేవియా ఆర్‌ఎస్ ఉన్నవాళ్లు ఫిల్టర్ మీద పెట్టాలనుకున్న డబ్బు ఇంటర్‌కూలర్ మీద పెట్టడం మేలు. పెద్దది కొనేముందు ఉన్నదాన్ని చూడండి. గాలి తగిలేచోట ఉన్నదైతే రాత్రి హైవే పురుగులూ దుమ్మూ రెక్కల మధ్య అట్టకట్టి ఉంటాయి. తక్కువ ప్రెషర్ నీళ్లతో, రెక్కలు వంగకుండా కడిగించి మళ్లీ స్కానర్ చూడండి. నంబరు దిగితే కొత్తది కొనే పనే ఉండదు.