విత్తనానికి డిస్కు, ఎరువుకు కర్రు: మూడు పంటలు వేశాక నా అభిప్రాయం

విత్తనం, ఎరువు సాళ్లలో వేసే సీడ్ డ్రిల్ కొనేటప్పుడు పెట్టెలో ఎన్ని బస్తాలు పడతాయి, ఎన్ని సాళ్లు వేస్తుంది, ఏ ట్రాక్టర్ లాగుతుంది అని అడుగుతాం. కింద మట్టిని చీల్చే ఓపెనర్ సంగతి ఎవరం అడగం. నేనైతే మొదటి పంట పాడయ్యాక అడిగాను.

నా తొమ్మిది సాళ్ల డ్రిల్‌కు వెడల్పాటి కర్రులు బిగించి ఇచ్చారు. విత్తనానికో గొట్టం, ఎరువుకో గొట్టం ఉన్నాయి గానీ రెండూ ఒకే కర్రు వెనక, ఒకే చాలులో పోసేవి. మొక్కజొన్నతో పాటు డీఏపీ, అందులో కాస్త యూరియా కలిపి వేశాను. పదో రోజున చూస్తే సాళ్లలో బారెడేసి ఖాళీలు. మొలవని చోట చాకుతో గీకాను. గింజ ఉబ్బింది, వేరు బయటికి వచ్చింది, కొస మాత్రం గోధుమ రంగుకు తిరిగి ఆగిపోయింది. దాన్ని ఆనుకునే సగం కరిగిన ఎరువు గుళిక. అప్పటిదాకా విత్తనం అమ్మినాయన్ను తిట్టుకుంటున్నాను, పాపం! యూరియా కరిగితే అమోనియా పుడుతుంది, లేత వేరుకు అది విషం. డీఏపీ నుంచి కూడా కొంత వస్తుంది. పొటాష్ అయితే ఉప్పులా పనిచేసి గింజకు నీరు అందనివ్వదు. ఇసుక నేల, పైగా పదును తక్కువ, ఇక చెప్పేదేముంది.

రెండో పంటకు విత్తనానికీ ఎరువుకూ డబుల్ డిస్కులే వేయించాను. విత్తనం వరకు వీటికి వంక పెట్టలేను. రెండు పళ్లాలు ముందు అంచున కలిసి, సన్నగా 'వి' ఆకారంలో చాలు తీస్తాయి. పక్కన లోతు చక్రం ఉంటే 5 సెంటీమీటర్లంటే 5 సెంటీమీటర్లే. మట్టి ఎగిరిపడదు, ట్రాక్టర్ కాస్త వేగంగా పోయినా ఫరవాలేదు. తంటా వచ్చింది కొయ్యకాళ్ల చేలో. పొద్దున మంచుకు గడ్డి మెత్తబడి ఉంది. డిస్కు దాన్ని కోయలేక, తలపిన్నులా మడిచి చాలులోకి కుక్కింది. తవ్వి చూస్తే గూట్లో గుడ్డులా గడ్డి మధ్య గింజ! మట్టి అంటితే కదా తడి అందేది. ఎండెక్కి గడ్డి పెళుసయ్యాక వేసిన సాళ్లు బాగానే మొలిచాయి. బంకమట్టి తడిగా ఉన్నప్పుడు వేస్తే ఇంకో తలనొప్పి: చాలు గోడలు తాపీతో నున్నగా రాసినట్టు అయిపోతాయి, వేరు పక్కకు పోలేదు.

ఎరువు వైపు డిస్కులు మాత్రం నన్ను నిరాశపరిచాయి. డిస్కు దిగాలంటే పైన బరువుండాలి. గట్టి నేల తగిలిన చోటల్లా తేలిపోయి, ఎరువును గింజ లోతులోనే వదిలాయి. కర్రుకు ఆ బాధ లేదు. ముక్కు ముందుకు వంగి ఉంటుంది కాబట్టి తనంతట తానే నేలలోకి దిగుతుంది.

అందుకే మూడో పంటకు ముందు వరుసలో ఎరువుకు సన్నటి కర్రులు, వెనక విత్తనానికి అవే డిస్కులు. గింజకు 5 సెంటీమీటర్లు పక్కకు, 5 సెంటీమీటర్లు కిందికి ఎరువు పడేలా బిగించాం. బిగించడం అన్నంత తేలిక కాదు. మొదటి రోజు పక్క దూరం సరిపోక, కర్రు వదులు చేసిన మట్టిలో డిస్కు దిగబడి గింజ 7 సెంటీమీటర్లకు పోయింది. కర్రును ఇంకాస్త పక్కకు జరిపి, వేగం గంటకు 8 కిలోమీటర్ల నుంచి 5కు తగ్గిస్తే దారికొచ్చింది. కర్రులన్నీ ఒకే వరుసలో ఉంటే గడ్డి మోపులు కట్టేస్తుంది, ఒకటి ముందు ఒకటి వెనక పెట్టించుకోండి. ట్రాక్టర్‌కు లాగుడు పెరిగింది, డీజిల్ కూడా. అయినా ఆ పంటలో, సాళ్లలో ఖాళీలు వెతికితే గానీ కనబడలేదు.

వాడకంలో తెలిసినవి రెండు. ఆగి ఉన్న డ్రిల్‌ను కిందికి దించితే గొట్టం మూతిలో మట్టి ఇరుక్కుంటుంది. పెట్టె నిండుగానే కనిపిస్తుంది, సాలు ఖాళీగా పోతుంది. బండి కదులుతుండగానే దించాలి. రెండోది, డిస్కులు అరిగితే ముందు అంచున సందు పడి 'వి' కాస్తా 'డబ్ల్యూ' అవుతుంది. సందులో అట్టముక్క దూర్చి చూస్తే తెలిసిపోతుంది. అట్ట ఎక్కడా తగలకుండా అవతలికి పోతే లోపలి వాషర్లు సర్దుకోవాలి, పళ్లెం మరీ చిన్నదైపోతే మార్చేయాలి.

పాత వెడల్పు కర్రులు షెడ్డులో గోనెసంచిలో ఉన్నాయి. దున్నిన పొలంలో, పైమట్టి ఆరిపోయి కింద మాత్రమే తడి ఉన్నప్పుడు, శనగను 8 సెంటీమీటర్ల లోతుకు దించాలంటే వాటినే తీస్తాను. ఆ రోజు ఎరువు పెట్టె ఖాళీ.