మన ఎండకు ఏ సెల్ ఆగుతుంది? వైర్‌లెస్ కెమెరా బ్యాటరీలపై నా అనుభవం

నల్లగొండలో మేముండే ఇంటికి, తిప్పర్తి వైపు ఊళ్లో అమ్మానాయనలుండే ఇంటికి వైర్‌లెస్ కెమెరాలు పెట్టి కొన్ని ఎండాకాలాలు గడిచాయి. కెమెరాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో వేసే బ్యాటరీల గురించి చెప్పేవాళ్లు తక్కువ. నా లెక్కలో అసలు సంగతంతా అక్కడే ఉంది. బొమ్మ ఎంత బాగా వచ్చినా, అర్ధరాత్రి గేటు దగ్గర అలికిడైన వేళకు కెమెరా ఆఫ్‌లో ఉంటే ఏం లాభం?

ఊళ్లో ఇంటికి గేటు స్తంభం మీద ఒకటి, వెనక కొట్టం వైపు సజ్జ కింద ఒకటి. రెండింట్లోనూ 18650 లిథియం సెల్స్ పడతాయి. టార్చిలైట్లలో, పవర్ బ్యాంకుల్లో ఉండే రకమే: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, 3.7 వోల్టులు, ఛార్జింగ్ నిండితే 4.2.

కెమెరాతో వచ్చిన సెల్స్ నీరసించాక కొత్తవాటి కోసం బజారుకు పోతే, 9900 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని పెద్ద అక్షరాలతో రాసున్నవి చేతిలో పెట్టారు. ఆ సైజులో పేరున్న కంపెనీలు చేసే సెల్స్ చాలావరకు 3500 దగ్గరే ఆగుతాయి. శాంసంగ్ 35ఈ, ఎల్‌జీ ఎంజే1 ఆ కోవలోవి. పానాసోనిక్ ఎన్‌సీఆర్18650బి 3400. వాళ్లందరికీ చేతకాని 9900 ఆ సెల్‌లోకి ఎక్కడి నుంచి వస్తుంది? తెలిసిన బంగారం షాపులో కాటా మీద రెండు రకాలూ పెట్టి చూశాను. శాంసంగ్ సెల్ 48 గ్రాముల దగ్గర తూగింది. 9900 సెల్ 30 చిల్లర. ఇంటికొచ్చి, కెపాసిటీ కొలిచే ఛార్జర్‌లో పెడితే అది 1100 కూడా దాటలేదు. అప్పటి నుంచి తూకం చూడకుండా ఏ సెల్లూ కొనలేదు. 45 గ్రాములకు బాగా తగ్గితే తీసుకోకండి. ప్యాకెట్ మీద బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 నంబరు ఉన్నాయా అనేది కూడా చూసుకోవాలి.

కొనేముందు కెమెరా మూత తీసి సెల్ కూర్చునే గాడి కొలుచుకోండి. లోపల ప్రొటెక్షన్ సర్క్యూట్ (ఛార్జింగ్ హద్దు దాటినా, షార్ట్ అయినా సెల్‌ను ఆపేసేది) ఉన్న సెల్స్ నాలుగైదు మిల్లీమీటర్లు పొడుగ్గా ఉంటాయి, కొన్ని కెమెరాల్లో పట్టవు. ప్లస్ వైపు బొడిపె ఉన్నవి, చదునుగా ఉన్నవి అని రెండు రకాలుంటాయి. మా గేటు కెమెరాకు చదునుది వేస్తే స్ప్రింగు అందక పనిచేయలేదు. రెండు, నాలుగు సెల్స్ పట్టే కెమెరాల్లో ఒకే మోడల్‌వి, ఒకేసారి కొన్నవి వేయాలి. పాతదీ కొత్తదీ కలిపితే పాతది కొత్తదాన్ని కూడా కిందికి లాగుతుంది.

ఇక ఎండ. బయటి దేశాల వాళ్ల సమీక్షల్లో చలికి బ్యాటరీ పడిపోతోందన్న గోలే ఎక్కువ. మనకు ఆ బాధ లేదు. నల్లగొండ, మిర్యాలగూడ వైపు మే నెలలో 45 డిగ్రీలు పడుతుంటే, పడమటి ఎండ తగిలే గోడ మీది కెమెరా లోపల ఇంకెంత ఉంటుందో ఆలోచించండి. లిథియం సెల్స్ చాలావాటికి కంపెనీవాళ్లు ఛార్జింగ్‌కు పెట్టిన హద్దే 45 డిగ్రీలు. అన్నిటికన్నా చెరుపు చేసేది, నిండా ఛార్జింగ్ ఉన్న సెల్ వేడిలో కూర్చోవడం. గేటు కెమెరాకు, కొట్టం కెమెరాకు ఒకే రోజు కొన్న శాంసంగ్ సెల్స్ వేశాను. ఎండాకాలం పోయాక తీసి కొలిస్తే సజ్జ కింది సెల్ 3100 పైనే చూపించింది. గేటు స్తంభం మీది సెల్ 2700 దగ్గరికి దిగింది. కంపెనీ ఒకటే, ఛార్జర్ ఒకటే, తేడా నీడ ఒక్కటే. ఆ కెమెరాను కూడా ఉత్తరం గోడకు, సజ్జ కిందికి మార్చేశాం. గేటు కొంచెం పక్కకు కనిపిస్తుంది, అయినా నాకు ఇదే నయం.

సోలార్ ప్యానెల్ పెట్టుకునేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. ప్యానెల్, కెమెరా ఒకే ముక్కగా వచ్చేవాటిలో సెల్ మిట్టమధ్యాహ్నం ఎండలో కాగుతూనే ఛార్జ్ అవుతుంది. వైరుతో విడిగా వచ్చే ప్యానెల్ తీసుకుని, దాన్ని ఎండలో, కెమెరాను నీడలో పెట్టండి. నేను చేత్తో ఛార్జ్ చేసేవి వేసవిలో రాత్రిపూట, ఇంట్లో పెడతాను.

బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందన్నది సెల్ ఒక్కదాని మీదే లేదు. ఈ కెమెరాలు నిద్రలో ఉన్నప్పుడు తాగేది చాలా తక్కువ. ఎదుట కదలిక కనబడి లేచి, వైఫై పట్టుకుని, వీడియో పంపినప్పుడే ఖర్చు. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ లైట్లు దానికి తోడు. మా ఊళ్లో కోతుల మంద గోడ మీదికి వచ్చిందంటే కెమెరాకు పొద్దంతా పనే. సెన్సార్ తీవ్రత తగ్గించి, గోడపై భాగాన్ని కెమెరా కదలికలు గమనించే హద్దుల్లోంచి తీసేశాక చాలా తేడా వచ్చింది. రూటర్ హాల్లో, కెమెరా దూరంగా ఉండి సిగ్నల్ సన్నగా వస్తే కూడా బ్యాటరీ ఊరికే పోతుంది. మధ్యలో సిగ్నల్‌ను ముందుకు అందించే ఎక్స్‌టెండర్ ఒకటి పెట్టించాను. అమెరికాలో ఉన్న తమ్ముడు అమ్మను చూడాలనిపించినప్పుడల్లా లైవ్ పెట్టుకుని కూర్చునేవాడు. వాడి ప్రేమను తప్పు పట్టలేను. కానీ బ్యాటరీని అంత త్వరగా తినేది ఇంకోటి లేదు. “వీడియో కాల్ చెయ్యరా, అమ్మ కూడా నిన్ను చూస్తుంది” అన్నాను. ఇప్పుడు అదే చేస్తున్నాడు. కరెంటు పోతే కెమెరా నడుస్తుంది గానీ రూటర్ ఆగిపోతుంది. అందుకే రూటర్‌కు చిన్న యూపీఎస్, కెమెరాలో మెమరీ కార్డు, రెండూ ఉండాలి.

నల్లగొండ ఇంట్లో ఉన్న బ్లింక్ కెమెరా సంగతి వేరు. తమ్ముడు తెచ్చిందే. దానికి రెండు డబుల్ ఏ సెల్స్. కంపెనీ వేయమనేది రీఛార్జ్ కాని 1.5 వోల్టుల లిథియం సెల్స్‌నే. ఎనెలూప్ లాంటి, మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే నికెల్ సెల్స్ నాకు ఎంతో ఇష్టం. రిమోట్లు, గడియారాలు, పిల్లల బొమ్మలన్నిట్లో అవే. కానీ అవి 1.2 వోల్టులే కాబట్టి సగం ఛార్జింగ్ ఉండగానే కెమెరా బ్యాటరీ అయిపోయిందని చెబుతుంది. యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే 1.5 వోల్టుల లిథియం సెల్స్ చివరిదాకా నిండుగానే చూపించి, హెచ్చరిక లేకుండా ఆగిపోతాయి. కాపలా పనికి ఆ గుణం నాకు నచ్చలేదు. దాంట్లో కంపెనీ చెప్పినవే వేస్తున్నాను. బయటి నుంచి తెప్పించుకునేవాళ్లు గుర్తుంచుకోండి, విడి లిథియం సెల్స్ విమానంలో చేతి సంచిలోనే తేవాలి, చెక్ ఇన్ సామానులో పెట్టనివ్వరు.

ప్రస్తుతం ఊళ్లో రెండు కెమెరాల్లోనూ శాంసంగ్ 35ఈ సెల్సే ఉన్నాయి. చలికాలంలో నెలన్నర దాకా చూసుకోనక్కర్లేదు, మే నెలలో మూడు వారాలకే మారుస్తున్నాం. ఛార్జ్ చేసిన జత ఒకటి ప్లాస్టిక్ డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది, తాళంచెవులతో కలిపి జేబులో వేసుకోవద్దని నాయనకు గట్టిగా చెప్పాను. పైతొడుగు చిరిగినవి, ఛార్జింగ్‌లో చెయ్యి కాలేంత వేడెక్కేవి వెంటనే పక్కన పెట్టి, రెండు కొసలకూ టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇస్తున్నాం.