నాలుగు వేసవులు దాటిన సరౌండ్ రిసీవర్

పాత రిసీవర్ చెడిపోలేదు, అదే అసలు చిక్కు. బొమ్మను టీవీకి దాటించి, శబ్దాన్ని గది చుట్టూ ఉన్న స్పీకర్లకు పంచే పెట్టె అది, 2010లో కొన్నది. పదకొండేళ్ల తరువాత కూడా స్విచ్చి నొక్కితే లోపల రిలే టక్కుమని కొట్టుకుని, ఏమీ ఎరగనట్టు పాడేది. 2021 దసరాకు ఇంట్లోకి 4కే టీవీ, దాని వెంట ఒక స్ట్రీమింగ్ పెట్టె వచ్చాయి. అలవాటు ప్రకారం అన్నిటినీ రిసీవర్ గుండా కలిపితే తెర నల్లగా ఉండిపోయింది. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, టీవీ అమ్మినవాడిని మనసులో తిట్టుకున్నాను. పాపం, అతని తప్పు లేదు. 4కే బొమ్మకు హెచ్‌డీసీపీ 2.2 అనే తాళం వేసి పంపుతారు. దారిలో ఉన్న ప్రతి పెట్టె దగ్గరా దాని చెవి ఉండాలి. మా పెట్టె ఆ తాళం కంటే ముందు పుట్టింది.

కొన్నాళ్లు స్ట్రీమింగ్ పెట్టెను నేరుగా టీవీకి తగిలించి, టీవీ నుంచి ఆప్టికల్ తీగతో రిసీవర్‌కు శబ్దం తెచ్చుకున్నాను. ఆ తీగలో ఐదు స్పీకర్లకు, బరువైన కింది స్థాయి శబ్దాలు మోసే ఒక సబ్ వూఫర్‌కు సరిపడే పాత డాల్బీ డిజిటల్ 5.1 వరకే ప్రయాణం. స్ట్రీమింగ్ సేవలు వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా అందులో పట్టదు, ఇక పైనుంచి కూడా శబ్దం తెప్పించే అట్మాస్ మాట చెప్పనవసరం లేదు. నవంబరు నాటికి కొత్తది కొనక తప్పదని తేల్చుకున్నాను.

ఆ సమయం కూడా మంచిది కాదు. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఒక చిప్పుల కర్మాగారం తగలబడింది. డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే చిప్పులు చాలా కంపెనీల రిసీవర్లకు అక్కడి నుంచే వెళ్లేవి. ఏడాది దాటినా సరుకు సరిగ్గా దొరకడం లేదు, దొరికిన చోట బేరం లేదు. డాలస్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ఇక్కడ బాగా తగ్గింపు ధరకు వస్తోంది, సంక్రాంతికి వస్తూ తెస్తాను" అన్నాడు. నోరూరింది. కానీ అక్కడ అమ్మేది 120 వోల్టుల పెట్టె, మన గోడలో వచ్చేది 230. పక్కన ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, అది ఎప్పుడూ సన్నగా గుంయిమంటూ ఉంటుంది. నిశ్శబ్దం కోసం ఇన్ని వేలు పోసి ఆ రొద కొనుక్కోవడం ఏమిటి? పైగా ఇక్కడ వారంటీ చెల్లదు. వద్దన్నాను.

డెమో గది ఉన్న దుకాణం కోసం హైదరాబాద్ వెళ్లాను. డెనాన్, యమహా, ఒంక్యో, సోనీ వరుసగా పెట్టి ఉన్నాయి. కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో నేను చెప్పలేకపోయాను, చెప్పగలనని అన్న అమ్మకందారు కూడా రెండుసార్లు తప్పాడు. చివరికి ఎంచుకున్న పెట్టె ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే చదివేవాళ్లు పేరు గురించే ఆలోచిస్తారు. ఏడు చానళ్లు (అంటే ఏడు స్పీకర్లను నడిపే బలం), రెండు సబ్ వూఫర్ అవుట్‌పుట్లు, ఆరు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు, టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే వెనక్కి తెచ్చే ఈఆర్క్, అట్మాస్, దానికి పోటీ పద్ధతి డీటీఎస్:ఎక్స్ ఉన్న మధ్యతరగతి పెట్టె అనుకోండి. నాకు 68 వేలు పడింది. ఇక్కడ చెప్పబోయేవి ఈ తరగతిలో దేనికైనా కొద్ది తేడాతో వర్తిస్తాయి.

ముందు వాట్ల సంగతి, ఎందుకంటే దుకాణంలో సగం మాటలు వాటి మీదే నడుస్తాయి. డబ్బా మీద లావుపాటి అక్షరాలతో చానల్‌కు 150 వాట్లని ఉంది. లోపలి పుస్తకంలో చూస్తే అది ఒకే చానల్‌ను 6 ఓమ్‌ల (కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు కొలత) స్పీకర్ మీద నడిపినప్పటి లెక్క. 8 ఓమ్‌ల మీద, రెండు చానళ్లు నడుస్తూ, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, 0.05 శాతం వక్రీకరణ (డిస్టార్షన్) దాటకుండా అయితే 95. ఏడూ ఒక్కసారి మోగితే ఇంకా తగ్గుతుంది, ఆ అంకె చాలామంది అచ్చు వేయరు. నేను దీని గురించి దిగులు పడటం మానేశాను. వాట్లు రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 95కూ 110కీ తేడా చెవికి అందదు. మా స్పీకర్లు ఒక వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చేవి, సోఫా పది అడుగుల దూరంలో ఉంది. పక్కింటివాళ్లు తలుపు కొట్టేంత గట్టిగా పెట్టినా ఎక్కువ సేపు పది వాట్లు దాటదు. మిగిలిన 85 వాట్లు బాంబులు పేలే క్షణాల కోసం.

దుకాణంలో ఎవరూ చెప్పనిది వేడి గురించి. విజయవాడలో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కరలేదు. మా టీవీ కింద వడ్రంగి చేసిన చక్కటి టేకు అరమర ఉంది, దానికి గాజు తలుపులు. మా ఆవిడ ముచ్చటపడి చేయించుకున్నది. రిసీవర్‌ను దాంట్లో పెట్టాను. మొదటి వేసవిలోనే ఒక ఆదివారం సినిమా సగంలో ఉండగా శబ్దం ఆగి ఎర్ర దీపం మిణుకు మిణుకుమంది. తనను తాను కాపాడుకునే ప్రొటెక్షన్‌లోకి వెళ్లింది. స్పీకర్ తీగలు ఎక్కడైనా తాకుతున్నాయేమోనని అన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను. నిజానికి లోపల గాలి ఆడటం లేదు, అంతే. మూత మీద చెయ్యి పెట్టలేనంత కాక. మరునాడు గాజు తలుపులు తీయించి, వెనుక చెక్కకు జానెడు రంధ్రం కోయించాను. ఆ అరమర గురించి మా ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడు ప్రస్తావన వస్తుంది. పైన కనీసం అరడుగు ఖాళీ, వెనుక గాలికి దారి, ఇవి లేకపోతే ఏ రిసీవర్ కొన్నా ఒకటే. వెనుక రంధ్రానికి సన్నటి జాలీ కొట్టించడం మరచిపోవద్దు. వెచ్చటి చోటంటే బల్లులకు మహా ఇష్టం, సర్క్యూట్ మీద బల్లి పడితే వారంటీ వర్తించదు.

ఇక అట్మాస్. సినిమా హాళ్లలో 2012లో మొదలై 2014లో ఇళ్లకు వచ్చిన పద్ధతి ఇది. శబ్దం నెత్తి మీద నుంచి కూడా రావాలి. మాది కాంక్రీటు శ్లాబు, ఫాల్స్ సీలింగ్ లేదు, కాబట్టి ముందు స్పీకర్ల మీద పెట్టి పైకి కొట్టే రకం కొన్నాను. శబ్దం శ్లాబుకు తగిలి కిందికి రావాలి. గట్టి, చదునైన శ్లాబు దానికి బాగానే పనికొస్తుంది. కానీ ఈ పద్ధతి కనిపెట్టినవాళ్ల గదుల్లో సీలింగ్ ఫ్యాన్ ఉండి ఉండదు. వర్షం పడే సన్నివేశంలో చినుకులు రావాల్సిన దారిలో మా ఫ్యాను రెక్కలు తిరుగుతున్నాయి. ఫ్యాను ఆపితే వాన వస్తుంది, చెమటా వస్తుంది. ఆరు నెలలకు విసుగెత్తి, రెండు చిన్న స్పీకర్లను సోఫాకు కొంచెం ముందుగా శ్లాబుకే బిగించాను. ఎలక్ట్రీషియన్ డ్రిల్లు పెట్టిన రోజు ఇల్లంతా సిమెంటు పొడి. ఇప్పుడు హెలికాప్టర్ నిజంగా పైనే ఎగురుతుంది. ఏడు చానళ్లలో ఐదు చుట్టూ, రెండు పైన, ఇదే మా ఏర్పాటు. వెనుక గోడకు సోఫా ఆనుకుని ఉండే హాళ్లలో ఏడూ చుట్టూ పెట్టడం కంటే ఇది మేలు. తొమ్మిది చానళ్ల పెట్టె వైపు ఒకప్పుడు ఆశగా చూశాను, పన్నెండు అడుగుల వెడల్పు గదిలో వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక ఆశ చంపుకున్నాను.

రిసీవర్‌తో వచ్చే చిన్న మైకు, దానితో జరిపే గది కొలత, ఈ మొత్తం ఖర్చులో నాకు గిట్టుబాటైన భాగం. మైకును కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో స్టాండు మీద పెట్టాలి, సోఫా వీపు మీద కాదు. ఎనిమిది చోట్ల కొలవాలి. మొదటిసారి ఆరో చోట ఉండగా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది, మళ్లీ మొదటి నుంచి. రెండోసారి కింద కూరగాయల బండి. చివరికి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఫ్యాను, ఫ్రిజ్ ఆపి పూర్తి చేశాను. ఫలితం చూసి మొదట కంగారు పడ్డాను. సబ్ వూఫర్ నిజంగా ఉన్న దూరం కంటే నాలుగు అడుగులు ఎక్కువ చూపించింది. అది తప్పు కాదు, సబ్ వూఫర్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని యంత్రం దూరంగా లెక్క వేస్తుంది, దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకోవాల్సింది ఇంకొకటి. ముందు స్పీకర్లను అది "పెద్దవి" అని నమోదు చేసింది. వాటిని "చిన్నవి"గా మార్చి 80 హెర్ట్జ్ దగ్గర కోత పెట్టాను. ఆ కింద ఉన్నదంతా సబ్ వూఫర్ మోస్తుంది, స్పీకర్లు తేలిక పడతాయి. ఈ ఒక్క మార్పుతో డప్పు శబ్దంలో ముద్ద తగ్గి దరువు విడివిడిగా వినిపించింది.

కానీ ఈ నాలుగేళ్లలో పెట్టెకు అసలైన పరీక్ష పెట్టినది మా అమ్మ. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. తొలి వారంలోనే తీర్పు చెప్పింది: "కొట్టుకోవడం వినపడుతుంది రా, మాట్లాడుకోవడమే వినపడదు." నిజమే. థియేటరు కోసం కూర్చిన శబ్దంలో మాటకూ పేలుడుకూ మధ్య ఎడం చాలా ఎక్కువ. మాట అందేలా పెంచితే ఫైటు వచ్చేసరికి కిటికీలు అదురుతాయి, తగ్గిస్తే మళ్లీ గుసగుసలు. మాటలు వచ్చే సెంటర్ స్పీకర్‌ను 3 డెసిబెల్స్ పెంచాను. అరమర లోపలికి నెట్టి ఉన్న దాన్ని అంచుకు జరిపి, ముందు భాగం కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి చెవుల వైపు కాస్త ఎత్తాను. పడుకునే వేళ సినిమా చూస్తే పెద్ద శబ్దాలను అణిచి చిన్నవాటిని లేపే రాత్రి అమరిక పెడతాను. స్వచ్ఛతాప్రియులు దీన్ని ఒప్పుకోరు. వాళ్ల ఇళ్లలో రాత్రి పదకొండుకు నిద్రపోయేవాళ్లు లేరేమో. ఈ మూడూ చేశాక అమ్మ ఫిర్యాదు సగానికి పైగా తగ్గింది. కొనేముందు ఇంట్లో అందరికంటే తక్కువ వినిపించేవాళ్లను దుకాణానికి తీసుకెళ్లి, మాటలున్న సన్నివేశం పెట్టించి అడగమని చెబుతాను. నేను పేలుళ్లు విని కొన్నాను.

రెండో పరీక్ష రిమోట్ది. రిసీవర్‌తో వచ్చిన దాని మీద నలభై దాకా మీటలున్నాయి, అమ్మకు కావలసినవి రెండు. ఈఆర్క్ కేబుల్ ఒక్కటి టీవీకి తగిలిస్తే టీవీ రిమోట్‌తోనే రిసీవర్ వెలుగుతుంది, ఆరుతుంది, శబ్దం పెరుగుతుంది. పది రోజుల్లో తొమ్మిది రోజులు. పదో రోజు టీవీ ఒక లోకంలో, రిసీవర్ ఇంకో లోకంలో ఉంటాయి. రెంటినీ గోడ దగ్గర ఆపి నిమిషం ఆగి వేస్తే మళ్లీ సయోధ్య. నేను ఊళ్లో లేనప్పుడు ఇది జరిగితే ఏం చేయాలో తెల్ల కాగితం మీద రాసి స్విచ్ బోర్డు పక్కన అంటించాను. అన్నట్టు, 2020లో వచ్చిన మొదటి విడత 8కే రిసీవర్లలో కొన్ని కొత్త వీడియో గేమ్ పెట్టెల 4కే, 120 హెర్ట్జ్ (సెకనుకు 120 ఫ్రేముల) బొమ్మను దాటించలేక తడబడ్డాయి. మా అబ్బాయి ఆడేది ఫోన్‌లో, కాబట్టి ఆ బాధ మాకు తగలలేదు.

పాత పాటలకు ఈ హంగులు పనికిరావు. నలుపు తెలుపు కాలపు పాటలు దాదాపు అన్నీ మోనో, అంటే శబ్దమంతా ఒకే ధార. సరౌండ్‌గా మార్చే అమరిక పెడితే యంత్రం ఆ మోనో మొత్తాన్ని మాటలనుకుని సెంటర్ స్పీకర్‌లోకి తోసేస్తుంది. ఘంటసాల టీవీ కింద అరలో కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. స్టీరియోకు మార్చితే రెండు స్పీకర్ల మధ్య నిలబడి పాడతాడు. అన్ని స్పీకర్లలోంచీ ఒకేసారి వచ్చే అమరిక కూడా ఉంది, అది పుట్టినరోజు విందులకు.

2024 వర్షాకాలంలో ఒక రాత్రి దగ్గర్లో పిడుగు పడింది. రిసీవర్‌ను గోడ దగ్గర ఆపే ఉంచాను, సర్జ్ రక్షణ కూడా ఉంది. దెబ్బ కరెంటు దారిలో రాలేదు. డిష్ నుంచి దిగిన తీగ గుండా సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ గుండా వచ్చినట్టుంది. బాక్సు పోయింది, రిసీవర్ మూడో ఇన్‌పుట్ పోయింది. సర్వీసు సెంటరులో ఒక్క పోర్టు బాగుచేయడం కుదరదని, మొత్తం హెచ్‌డీఎంఐ బోర్డు మార్చాలని, 21 వేలని చెప్పారు. బోర్డు రావడానికి రెండు నెలలట. దండం పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. మాకు కావలసినవి నాలుగు, ఉన్నవి ఆరు, కాబట్టి ఒకటి పోయినా బండి నడిచింది. నాలుగే ఉన్న చవక మోడల్ కొని ఉంటే అప్పుడే ఇంకో రిసీవర్ కొనాల్సి వచ్చేది. ఇప్పుడు ఉరుము వినగానే డిష్ తీగ ఊడదీయడం అమ్మ డ్యూటీ, ఆవిడే అడిగి తీసుకుంది.

ఇదే పెట్టెను మళ్లీ కొంటానా అంటే, ఒక్క కొరత తీరితే కొంటాను. దీనికి ముందు స్పీకర్ల కోసం ప్రీ అవుట్‌లు లేవు. అవి ఉంటే ఎప్పుడైనా పాటల కోసం వేరే ఆంప్లిఫయర్ తగిలించుకునే వీలుండేది. అప్పట్లో ఆరేడు వేలు ఎక్కువ పెడితే ఆ సౌకర్యం ఉన్నది వచ్చేది, ఆ డబ్బు పైకి కొట్టే స్పీకర్ల మీద పోసి ఫ్యాను రెక్కలకు సమర్పించాను.

పాత రిసీవర్ అమ్మ గదిలో ఉంది. రోజూ తెల్లవారి ఐదింటికి రిలే టక్కుమంటుంది, సుప్రభాతం మొదలవుతుంది. దానికి హెచ్‌డీసీపీతో పనిలేదు.