చేతికర్రా, నాలుగు కాళ్ళ కర్రా, వాకరా: విశాఖ పెద్దవాళ్ళకు ఏది మేలు?

పెద్దాయన అడుగు తడబడుతోందనగానే చాలామంది సర్జికల్ షాపుకెళ్ళి వాకర్ పట్టుకొచ్చేస్తారు. నెల తిరక్కుండా దాని మీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి. రెండు చేతులకీ పట్టుందా, రోజూ నడిచే నేల ఎలాంటిది, బాత్రూమ్ తలుపు వెడల్పెంత అన్నవి చూడకుండా కొంటే జరిగేది అదే.

ఒక మోకాలో ఒక తుంటో నొప్పెట్టి, తూలు కొద్దిగానే ఉంటే మామూలు చేతికర్ర చాలు. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడికాలు వేసేటప్పుడే అదీ నేలకానాలి. అప్పుడు ఆ కాలి మీద పడే బరువు కొంత కర్ర మోస్తుంది. ఎత్తు చూడ్డానికి రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబెట్టి, చేతులు వేలాడదీయమనండి. పిడి మణికట్టు ముడత దగ్గరకు రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి సుమారు 20 డిగ్రీలు వంగుతుంది. కర్ర పొడవెక్కువైతే భుజం పైకెగిసి మెడ పట్టేస్తుంది, తక్కువైతే నడుం వంగుతుంది. మెట్ల దగ్గర ఒక్కటే గుర్తు: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పికాలూ ముందు. మరో చెయ్యి రెయిలింగు మీద ఉండాల్సిందే.

"నేనేటి, ముసలోణ్ణయిపోయానా?" అని కర్ర వద్దని గొడుగు పట్టుకునేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. గొడుగు మొన తడి గ్రానైట్ మీద జారుతుంది, బరువు వేస్తే కాడ వంగుతుంది. గొడుగు కంటే వెదురుకర్ర మొనకు రబ్బరు బుష్ (తొడుగు) వేసినా నయమే.

పక్షవాతంతో ఒక చెయ్యి పట్టు తప్పినవాళ్ళకు మామూలు వాకర్ పనికిరాదు, దానికి రెండు చేతులూ కావాలి. వాళ్ళకు నాలుగు కాళ్ళ కర్ర. వదిలేసినా నిలబడి ఉంటుంది, మంచం పక్కన అదో సుఖం. కాకపోతే నాలుగు కాళ్ళూ ఒకేసారి ఆనాలి. వాల్తేరు అప్‌లాండ్స్ లాంటి ఏటవాలు రోడ్ల మీద రెండు ఆని రెండు గాల్లో ఉంటాయి, కర్ర ఊగుతుంది. ఇంట్లోకి మంచిదే గానీ, వాలు మీద మాత్రం పక్కన మనిషి ఉండాలి.

రెండు మోకాళ్ళూ అరిగినవాళ్ళకీ, తుంటి ఆపరేషనై లేచినవాళ్ళకీ వాకరే. ముందు వాకర్‌ని ఓ అడుగు దూరంలో పెట్టాలి. నాలుగు కాళ్ళూ ఆనాక నొప్పికాలు, తర్వాత మంచికాలు. ముందు కడ్డీకి మరీ దగ్గరగా వెళ్తే వెనక్కి పడతారు. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్‌ని లాగి లేవకూడదు, అది మీదకు ఒరిగిపోతుంది. కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచి, నిలదొక్కుకున్నాకే వాకర్ పట్టుకోవాలి. ఎత్తి పెట్టే ఓపిక లేకపోతే ముందు రెండు చక్రాలున్నది చూడండి. కొనేముందు టేపు తీసుకుని బాత్రూమ్ తలుపు కొలవండి. చాలా ఫ్లాట్లలో అది రెండున్నర అడుగులే. తలుపు రెక్క, చిలుకు పోగా వాకర్ ఇరుక్కుంటే లోపలికి గోడ పట్టుకునే వెళ్తారు, పడేది అక్కడే. కొండవాలు కాలనీల్లో మెట్ల మీద ఇళ్ళున్నవాళ్ళకు వాకర్ గుమ్మం దాకానే. మెట్ల మీద దాన్ని వాడకూడదు. మా మాటైతే ఇంట్లో వాకర్, గడప దాటితే కర్ర, తోడు మనిషి.

పేద కుటుంబాల్లో 60 దాటినవాళ్ళకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో కర్రలూ వాకర్లూ ఉచితంగా ఇస్తారు. తెచ్చాక ఎత్తు సరిచేయడం మరవకండి. వాకరైతే నాలుగు కాళ్ళకూ ఎత్తు మార్చే బటన్లు ఒకే వరస రంధ్రాల్లో పడాలి.

బీచ్ దగ్గరి ఇళ్ళలో ఉప్పుగాలికి అల్యూమినియం గొట్టం బాగానే ఉంటుంది గానీ, లోపలి స్ప్రింగూ స్క్రూలూ తుప్పు పట్టి బటన్ బిగుసుకుంటుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, బటన్ నొక్కి చూడండి. బుష్ అడుగున గీతలు అరిగి నున్నబడితే ఆ రోజే మార్చాలి. పాతది జేబులో వేసుకుని షాపుకు వెళ్తే సైజు తప్పదు.